ఇంటర్‌ఫేస్‌ల లిస్టు అడిగితే చేతికొచ్చేది అడ్రస్‌ల లిస్టు

కంప్యూటర్‌కి ఏయే నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లు (కార్డు, వైఫై, వీపీఎన్ టన్నెల్ లాంటి, నెట్‌వర్క్‌కి కలిపే దారులు) ఉన్నాయో ప్రోగ్రాంలోంచి తెలుసుకోవడం చూడ్డానికి పది లైన్ల పని. ఆ పది లైన్లూ రాసినవాళ్ల మెషీన్‌లో చక్కగా నడిచి, వీపీఎన్ పెట్టుకున్న ఇంకొకరి మెషీన్‌లో క్రాష్ అవుతాయి. అందుకే దీని గురించి కాస్త వివరంగా రాయాలనిపించింది.

లినక్స్‌లో సీ రాసేవాళ్లకి పాత కోడ్‌లో ఎక్కువగా కనిపించేది ఐఓసీటీఎల్ పద్ధతి, అంటే కెర్నెల్‌ని (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయని) ఒక ఆదేశంతో నేరుగా అడగడం. సాకెట్ (నెట్‌వర్క్‌తో మాట్లాడే హ్యాండిల్) తెరిచి, ఒక బఫర్ (జవాబు నింపడానికి మెమరీ ముక్క) చేతికిచ్చి, ఎస్‌ఐఓసీజీఐఎఫ్‌కాన్ఫ్ అనే ఆదేశంతో అడగడం. కొత్త కోడ్‌లో దీన్ని దయచేసి వాడకండి. ఐపీవీ4 అడ్రస్ ఉన్న ఇంటర్‌ఫేస్‌లు మాత్రమే ఇందులో వస్తాయి కాబట్టి, ఇంకా అడ్రస్ అందని కార్డు, ఐపీవీ6 ఒక్కటే ఉన్న కార్డు అసలు లేనట్టే లెక్క. పైగా బఫర్ చాలకపోతే ఎర్రర్ ఇవ్వదు, పట్టినంత నింపేసి ఊరుకుంటుంది. మిగతావి పోయాయన్న సంగతి మనకు కచ్చితంగా తెలిసే దారి ఉండదు.

ఇప్పుడు అందరూ వాడేది గెట్‌ఇఫ్‌యాడర్స్ అనే ఫంక్షన్. ఒక లింక్డ్ లిస్ట్ (ఒకదానికొకటి గొలుసులా కలిపిన వరుసలు) ఇస్తుంది, పని అయ్యాక ఫ్రీఇఫ్‌యాడర్స్‌తో వదిలేయాలి. ఇక్కడ బాగా గుర్తుంచుకోవాల్సిందేంటంటే, ఆ లిస్టులో ఒక్కో వరుస ఒక్కో ఇంటర్‌ఫేస్ కాదు, ఒక్కో అడ్రస్. ఈత్0 అనే కార్డు ఒకటే ఉన్నా, మ్యాక్ అడ్రస్‌కి (కార్డు హార్డ్‌వేర్ అడ్రస్‌కి) ఒకసారి, ఐపీవీ4కి ఒకసారి, ఐపీవీ6కి ఇంకోసారి కనిపిస్తుంది, ఐపీవీ6 అడ్రస్‌లు రెండు మూడు ఉంటే అన్నిసార్లూ వస్తుంది. వరుసలు లెక్కపెట్టి "ఈ మెషీన్‌కి ఏడు ఇంటర్‌ఫేస్‌లున్నాయి" అని చెప్పే ప్రోగ్రాం తప్పు చెబుతున్నట్టే.

క్రాష్ సంగతికొస్తే, ప్రతి వరుసలో ఐఎఫ్ఏ_యాడర్ అనే పాయింటర్ (అడ్రస్ మెమరీలో ఎక్కడుందో చూపేది) ఉంటుంది, అది నల్, అంటే ఖాళీ, కావచ్చు. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ టన్నెల్‌కి మ్యాక్ అడ్రస్ ఉండదు కదా, ఆ వరుసలో చూపించడానికి ఏమీ లేక అక్కడ నల్ పెడతారు. చెక్ చేయకుండా నేరుగా ఫ్యామిలీ (ఐపీవీ4నా, ఐపీవీ6నా అన్న రకం) చదివారా, సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో క్రాష్. మాన్యువల్‌లో ఈ ముక్క స్పష్టంగానే రాసి ఉంది, కానీ టన్నెల్ లేని మెషీన్‌లో టెస్ట్ చేసినంతకాలం అది బయటపడదు.

పేర్లు చాలనుకుంటే ఇఫ్_నేమ్‌ఇండెక్స్ అనే ఫంక్షన్ హాయి. ఒక నంబరు, ఒక పేరు, అంతే. పైథాన్‌లో కూడా సాకెట్ మాడ్యూల్‌లో 3.3 నుంచి ఉంది, విండోస్‌లో 3.8 నుంచి. ఆ నంబరుని పారేయకండి. ఎఫ్‌ఈ80తో మొదలయ్యే ఐపీవీ6 లింక్ లోకల్ (ఆ ఒక్క లింక్ మీదే పనిచేసే) అడ్రస్‌కి ఏదైనా పంపాలంటే ఏ ఇంటర్‌ఫేస్ మీదుగానో కూడా చెప్పాలి, అడ్రస్‌తో పాటు ఇచ్చే స్కోప్ ఐడీలో పెట్టేది ఈ నంబరే.

విండోస్‌లో ఈ లిస్టు కోసం గెట్‌అడాప్టర్స్‌అడ్రసెస్ అనే ఫంక్షన్ ఉంది. 15 కేబీ బఫర్‌తో మొదలుపెట్టమని మైక్రోసాఫ్టే చెబుతుంది, చాలకపోతే ఆ ఫంక్షన్ ఎంత కావాలో చెప్పి వెనక్కి పంపుతుంది. రెండు పిలుపుల మధ్య కొత్త అడాప్టర్ రావచ్చు కాబట్టి దాన్ని లూప్‌లో పెట్టండి.

అసలు చాలామందికి కావాల్సింది ఈ లిస్టు కాదని నా గట్టి నమ్మకం. "నా ఐపీ ఏది" అన్నదే వాళ్ల ప్రశ్న. దానికోసం లిస్టు తెచ్చి, లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తాను మాట్లాడుకునే ఇంటర్‌ఫేస్) తీసేసి, మిగిలినవాటిలో మొదటిది పట్టుకుంటారు. డాకర్ (కంటైనర్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న మెషీన్‌లో ఆ మొదటిది డాకర్ లోపలి నెట్‌వర్క్ అడ్రస్ 172.17.0.1 అయి కూర్చోవచ్చు. పేరు చూసి వడపోయడం కూడా నిలవదు, 2013లో లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ 197 వచ్చాక ఈత్0 కాస్తా చాలా చోట్ల ఈఎన్‌పీ3ఎస్0 లాంటి పేరైపోయింది. హోస్ట్‌నేమ్‌ని (మెషీన్ పేరుని) రిజాల్వ్ చేస్తే, అంటే అడ్రస్‌గా మారిస్తే, డెబియన్‌లో లూప్‌బ్యాక్ అడ్రస్ 127.0.1.1 రావచ్చు. వీటన్నిటికంటే తేలికైన దారి ఒకటుంది. యూడీపీ సాకెట్ తెరిచి, మీరు మాట్లాడాలనుకున్న సర్వర్ అడ్రస్‌కి కనెక్ట్ పిలవండి. ఒక్క ప్యాకెట్ కూడా బయటికి పోదు, కెర్నెల్ తన రూటింగ్ టేబుల్ (ఎక్కడికి ఏ దారో రాసుకున్న పట్టిక) చూసి ఏ అడ్రస్ నుంచి పంపాలో తేల్చుకుంటుంది. వెంటనే గెట్‌సాక్‌నేమ్ అడిగితే ఆ అడ్రస్ మీ చేతిలో ఉంటుంది. ఆ దారిన నిజంగా వాడబోయేది అదే, మన ఊహ కాదు.

లిస్టే కావాలంటే ఫ్లాగ్‌లు కూడా చూడండి. అప్ అంటే ఇంటర్‌ఫేస్‌ని ఎవరో ఆన్ చేశారని మాత్రమే, కేబుల్ ఊడిపోయి ఉన్నా అప్ అనే ఉంటుంది. లింక్ నిజంగా ఉందో లేదో రన్నింగ్ ఫ్లాగ్ చెబుతుంది. కంటైనర్‌లో నడిచే ప్రోగ్రాంకి దాని నేమ్‌స్పేస్‌లో (దానికి విడిగా ఇచ్చిన నెట్‌వర్క్ గదిలో) ఉన్నవే కనిపిస్తాయి, హోస్ట్‌వి కనబడలేదని బగ్ వెతుకుతూ కూర్చోనక్కర్లేదు.

ఎక్కువసేపు నడిచే ప్రోగ్రాం అయితే ఒకసారి లిస్టు తీసుకుంటే సరిపోదు, వైఫై పోతుంది, వస్తుంది. ప్రతి ఐదు సెకన్లకీ మళ్లీ చదివే బదులు లినక్స్‌లో నెట్‌లింక్ సాకెట్ (కెర్నెల్ మార్పుల కబురు పంపే దారి) తెరిచి మార్పులు వినండి. ముందు వినడం మొదలుపెట్టి, తర్వాతే లిస్టు తీసుకోవాలి. తిరగేసి చేస్తే ఆ రెండింటి మధ్యలో వచ్చిన ఇంటర్‌ఫేస్ మీ ప్రోగ్రాంకి ఎప్పటికీ తెలియకపోవచ్చు.