పప్పు గ్లాసు, తడి ఇసుక

శనివారం, రాత్రి పదిన్నర.

బాబు ఇప్పుడే పడుకున్నాడు. కాలి వేళ్ళ మధ్య ఇంకా ఇసుక ఉంది, ఎంత కడిగినా పూర్తిగా పోలేదు. రేపు స్నానం చేయించేటప్పుడు చూసుకోవాలి.

వీడికి రెండేళ్ళ మూడు నెలలు. సెలవు రోజు వస్తోందంటే వీడితో ఏం ఆడించాలా అని ముందు రాత్రే ఆలోచించి పెట్టుకుంటాను. నిన్న కూడా కూర్చుని రంగు కాగితాలు కత్తిరించాను. ఎర్ర కాగితం ఎర్ర గిన్నెలో, పసుపుది పసుపు గిన్నెలో వెయ్యాలి. పొద్దున్న ఇడ్లీ తినిపించి కూర్చోబెట్టాను. ఎర్ర కాగితం తీసుకున్నాడు, కొరికి చూశాడు, కింద పడేసి వంటింట్లోకి పరుగు. రెండు నిమిషాలు కూడా కాలేదు.

వంటింట్లో అత్తయ్య చాటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతున్నారు. "నానమ్మా, నాకు!" అంటూ చాట అంచు పట్టుకున్నాడు. ఆవిడ కింద పాత దుప్పటి పరిచి, ఒక స్టీలు గ్లాసు, ఒక గిన్నె, రెండు గుప్పిళ్ళ పప్పు ఇచ్చారు. గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి పొయ్యడం మొదలుపెట్టాడు.

మొదట్లో గ్లాసు ఒక్కసారిగా బోర్లించేసేవాడు. సగం పప్పు దుప్పటి మీదే. నేను ఆగలేక "ఇలా పట్టుకో నాన్నా" అని చెయ్యి పెట్టబోయాను. "ఒగ్గేయమ్మా, ఆడి మానాన ఆడిని ఆడనీ" అన్నారు అత్తయ్య. వాళ్ళది శ్రీకాకుళం. చెయ్యి వెనక్కి తీసుకుని ఎదురుగా కూర్చున్నాను. ఏ పదోసారికో గ్లాసు అంచుని గిన్నె అంచుకి ఆనించాడు. ఆగాడు. నాలుక కొంచెం బయటపెట్టి, నెమ్మదిగా వంచాడు. పప్పు సన్నటి ధారగా జలజలా పడుతుంటే ఊపిరి బిగబట్టి ఆ చప్పుడు వింటున్నాడు. బయట పడిన గింజల్ని బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక్కొక్కటే ఏరి వేశాడు. రేపు పెన్సిల్ పట్టుకోవాల్సిన వేళ్ళు అవే కదా. "నిండింది" అని నేను అనలేదు, వాడే అన్నాడు. గిన్నె ఖాళీ అయితే "అయిపోయింది" అని రెండు చేతులూ చూపించాడు. గడియారం చూస్తే ఇరవై అయిదు నిమిషాలు గడిచాయి.

ఈ ఆట ఆడుతున్నంతసేపూ ఒకరు ఎదురుగా ఉండి తీరాలి. పప్పు గింజ ముక్కులోకి పోవడానికి క్షణం చాలు. పోయిన నెల అష్టాచెమ్మా కోసం దాచిన చింతపిక్క ఒకటి వీడి నోట్లో కనిపించినప్పుడు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వాడంతట వాడే ఉమ్మేశాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి చింతపిక్కలు, గవ్వలు అటక మీదే.

మధ్యాహ్నం పడుకుని లేచాక బాల్కనీలో మగ్గుతో నీళ్ళు, పాత పెయింటు బ్రష్షు ఇచ్చాను. గోడ మీద గీత గీస్తాడు, ఎండకి అది ఆరిపోతుంది, మళ్ళీ గీస్తాడు. తర్వాత కాసేపు లక్కపిడతలు. ఏటికొప్పాక నుంచి తెచ్చినవి. అంకుడు కర్రతో చేసి, లక్కలో చెట్ల రంగులు కలిపి పూస్తారు. ఎక్కడా మొన ఉండదు, అంతా నున్నగా గుండ్రంగా ఉంటుంది. మరీ చిన్న మూతలు మాత్రం తీసి దాచేశాను. నాకు కూర వండి పెట్టాడు, ఊదుకుని తినమన్నాడు. ఊదుకునే తిన్నాను.

సాయంత్రం అందరం ఆర్కే బీచ్‌కి వెళ్ళాం. ఏడాది నుంచి నాలుగేళ్ళ పిల్లలు రోజుకి కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలించి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మొదటిసారి చదివినప్పుడు మూడు గంటలా అని టెన్షన్ పడ్డాను. అది రోజంతా కలిపి చూసే లెక్క అని తర్వాత అర్థమైంది. మెట్లు దిగడం, పావురాల వెంట పడటం అన్నీ అందులోకే వస్తాయి. ఇసుకలో దింపితే వీడికి ఆ లెక్కే అక్కర్లేదు.

ఇక్కడ సముద్రం లోపలికి గట్టిగా లాగుతుంది. అందుకని అలలకి బాగా ఇవతలే కూర్చున్నాం. మా ఆయన మాకూ నీళ్ళకీ మధ్యన నిలబడే ఉన్నారు. అత్తయ్య చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపుకుని కూర్చుని, పాదం మీద తడి ఇసుక పోసుకుని, అరచేత్తో తట్టి తట్టి గట్టి చేసి, పాదాన్ని నెమ్మదిగా వెనక్కి లాగారు. పిచ్చుక గూడు! బాబు బోర్లా పడుకుని లోపలికి తొంగి చూశాడు, చెయ్యి పెట్టి తడిమాడు. నేను కూడా పాతికేళ్ళ తర్వాత ఒకటి కట్టాను.

ఇక వాడి వంతు. కూర్చున్నచోటే పొడి ఇసుక కాలి మీద పోసుకున్నాడు. కాలు తియ్యగానే జారిపోయింది. మళ్ళీ పోశాడు, మళ్ళీ జారింది. తడి ఇసుక తెచ్చి ఇద్దామని లేవబోయి పొద్దున్న అత్తయ్య అన్న మాట గుర్తొచ్చి కూర్చుండిపోయాను. నాలుగోసారి కూలాక నానమ్మ గూడు ముట్టుకున్నాడు, తన ఇసుక ముట్టుకున్నాడు. లేచి ఆవిడ వేలు పట్టుకుని తడిగా ఉన్నవైపు లాగుతూ "సల్లగా... అది కావాలి" అన్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తడి ఇసుకే నిలబడుతుందని వాడికి ఎవరూ చెప్పలేదు.

వాడు కట్టిన గూడుకి ఒక పక్క గోడ కూలింది. అయినా చీకటి పడేదాకా దాన్ని వదిలి రానన్నాడు.

ఇందాక పడుకోబెడితే కాలు దుప్పటి కిందికి దూర్చి, పైనుంచి అరచేత్తో తట్టాడు. చాలాసేపు తట్టాడు. తర్వాత మెల్లగా కాలు లాక్కుని, దుప్పటి ఎత్తి లోపలికి చూశాడు.