తగ్గించినవన్నీ ‘కట్ డౌన్ ఆన్’ కావు

అన్నం తగ్గించాలి, బరువు తగ్గించాలి, జ్వరం తగ్గించాలి, టీవీ సౌండు తగ్గించాలి, రేటు తగ్గించాలి. మనకు అన్నిటికీ ఒకటే మాట. ఇంగ్లీషువాళ్ల ‘కట్ డౌన్ ఆన్’ వీటిలో మొదటిదానికే పనికొస్తుంది. తినేది, తాగేది, వాడేది, ఖర్చుపెట్టేది, అలవాటుగా చేసేది ఏదైనా తగ్గించుకుంటేనే ఈ మాట వాడాలి. ‘ఐ హావ్ కట్ డౌన్ ఆన్ రైస్’ సరైనదే. ‘కట్ డౌన్ ఆన్ వెయిట్’ మాత్రం తప్పు; బరువేమీ మనం తినే పదార్థం కాదుగా! దానికి ‘లూజ్ వెయిట్’ అనాలి. జ్వరానికీ రేటుకీ ‘బ్రింగ్ డౌన్’, సౌండుకు ‘టర్న్ డౌన్’.

ఎక్కువమంది తడబడేది ‘ఆన్’ తర్వాత. అక్కడ వస్తువు పేరైనా రావాలి, ‘ఇంగ్’ చేరిన క్రియైనా రావాలి. ‘కట్ డౌన్ టు ఈట్ స్వీట్స్’ అని రాసేస్తుంటారు. తెలుగులో ఏమంటాం? ‘స్వీట్లు తినడం తగ్గించు’ అంటాం. ఆ ‘డం’ ఉన్నచోట ‘ఇంగ్’ పెట్టండి: ‘కట్ డౌన్ ఆన్ ఈటింగ్ స్వీట్స్’.

చెట్ల ముందు ‘ఆన్’ ఉండదు: ‘దే కట్ డౌన్ ద ట్రీ’ అంటే చెట్టు కొట్టేశారని. దేని గురించో ముందే తెలిసిపోతే కూడా ‘ఆన్’ అక్కర్లేదు. సిగరెట్లు తాగుతారా అని డాక్టరు అడిగితే ‘ఐ యామ్ ట్రయింగ్ టు కట్ డౌన్’ అంటే చాలు. రోజుకు పది నుంచి మూడుకు దిగితే ‘ఐ హావ్ కట్ డౌన్ ఫ్రమ్ టెన్ ఎ డే టు త్రీ’. ‘ఇట్’ వస్తే చివర్లోనే: ‘కట్ డౌన్ ఆన్ ఇట్’. ‘కట్ ఇట్ డౌన్ ఆన్’ అనేదే లేదు. ‘కట్ ఇట్ డౌన్ టు టూ పేజెస్’ ఉంది గానీ, అది రాసినదాన్ని రెండు పేజీలకు కుదించమనడం.

డాక్టరు ‘కట్ డౌన్ ఆన్ పికిల్స్’ అంటే ఆవకాయ కంచంలో కొంచెం తక్కువ వేసుకుంటే సరి. ‘కట్ అవుట్ పికిల్స్’ అన్నారో, జాడీ మూత తియ్యకూడదు! ‘కట్ బ్యాక్ ఆన్’ మొదటిదానికి దగ్గరి చుట్టం. ఖర్చులు, బడ్జెట్ల వార్తల్లో ఎక్కువ కనిపిస్తుంది.

భూతకాలంలోనూ ‘కట్’ కట్టే, ‘కటెడ్’ లేదు. పలికేటప్పుడు ఊనిక ‘డౌన్’ మీద. ‘ఆన్’ దానికి అతుక్కుపోయి ‘డౌనాన్’లా వినిపిస్తుంది, రాసేటప్పుడు అది జారిపోయేది అందుకే.