గిటార్ ప్రాసెసర్‌ను మైకుసెట్టుకు కలిపిన వైనం: నా అనుభవం

విజయవాడ సత్యనారాయణపురంలో వినాయక చవితి పందిరి దగ్గర జరిగే ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించడానికి ఒప్పుకొన్నప్పుడు, ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకొని సిద్ధం చేసుకొన్న ప్యాచ్‌లు (గిటార్ ధ్వనికి ముందే అమర్చి దాచుకొనే సెట్టింగులు) వీధిలో మైకుసెట్టు బాక్సుల నుంచి ఎలా పలుకుతాయోనన్నదే నాకున్న పెద్ద సందేహం. గిటార్ ధ్వనిని రకరకాలుగా మార్చే నా మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ వెనుక రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు కేబుళ్లకుండే మూడు పిన్నుల రకం) అవుట్‌పుట్లు, రెండు పావు అంగుళం జాక్ అవుట్‌పుట్లు ఉన్నాయి. జనం వినడానికి మిక్సర్‌కూ, వేదిక మీద నేను వినడానికి గిటార్ ఆంప్‌కూ ఆ ఒక్క పెట్టె నుంచే ధ్వని వెళ్లాలి.

ఈ రెండు దారులూ ఒకటి కావు. గిటార్ ఆంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వనిని బాగా అణచివేస్తుంది. మైకుసెట్టు బాక్సుల్లో హార్న్ ఉంటుంది కాబట్టి అదంతా బయటికి వచ్చి, డిస్టార్షన్ (గరగరలాడే ధ్వని) వాడినప్పుడు రేకు మీద మేకుతో గీసినట్టు వినిపిస్తుంది. అందువల్ల స్పీకర్ పెట్టె స్వభావాన్ని అనుకరించే కేబినెట్ సిమ్యులేషన్‌ను మిక్సర్‌కు వెళ్లే ఎక్స్‌ఎల్‌ఆర్ మీద ఉంచి, ఆంప్‌కు వెళ్లే జాక్ మీద తీసేశాను. ఆంప్‌లో కూడా ముందున్న ఇన్‌పుట్‌ను వదిలి, వెనుకనున్న, ప్రీఆంప్‌ను (ధ్వనికి తొలి రూపమిచ్చే భాగాన్ని) దాటించే ఎఫెక్ట్స్ రిటర్న్‌లో జాక్ పెట్టాను. లేకపోతే ప్రాసెసర్‌లోని ప్రీఆంప్ మీద ఆంప్‌లోని ప్రీఆంప్ కూడా చేరి ధ్వని ముద్దగా తయారవుతుంది.

మిక్సర్ దగ్గర వచ్చిన చిక్కు వేరు. ఆ చిన్న మిక్సర్‌లో మైకు కేబుల్ గుండానే మైకుకు కరెంటు పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌కు అన్ని ఛానళ్లకూ కలిపి ఒకటే బటన్ ఉంది, తబలా ముందున్న కండెన్సర్ మైకుకు అది తప్పనిసరి. ప్రాసెసర్ అవుట్‌పుట్‌లోకి ఆ వోల్టేజీ ఎదురు రావడం నాకు ఇష్టం లేదు. దానికి తోడు ఆంప్ ఒక లైను నుంచీ మిక్సర్ మరో లైను నుంచీ కరెంటు తీసుకోవడంతో, రెండు ఎర్తుల మధ్య వలయం ఏర్పడి సన్నగా హమ్మింగ్ మొదలైంది. "ఎర్తు పిన్ను పీకేస్తే పోద్దన్నా" అన్నాడు మైకుసెట్టు కుర్రవాడు. పోతుంది, నిజమే, కానీ వేళ్లు తీగల మీద, పెదవులు మైకు మీద ఉన్న మనిషికి అంతకంటే ప్రమాదకరమైన ఉపాయం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ బాక్సును (జాక్ సిగ్నల్‌ను మిక్సర్ మైకు ఇన్‌పుట్‌కు తగినట్టు మార్చే పెట్టె) మధ్యలో పెట్టి, దాని మీది, రెండు వైపుల ఎర్తునూ విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్‌ను నొక్కించాను. ఫాంటమ్ వోల్టేజీ అక్కడే ఆగింది, హమ్మింగ్ కూడా పోయింది. డీఐ బాక్సు లేకుండా ఇకమీదట ఏ ప్రోగ్రాముకూ బయలుదేరను.

డీఐ బాక్సుకు జాకే కావాలి కనుక, మిక్సర్‌కు పంపే దారిని ఎడమ జాక్‌కు మార్చి, సిమ్యులేషన్‌ను దాని మీదికి తెచ్చి, ఆంప్‌ను కుడి జాక్‌కు కలిపాను. బాక్సులు రెండు వైపులా ఉన్నా మిక్సర్‌కు మోనోయే పంపాను. స్టీరియో డిలే (ధ్వనిని రెండు వైపులకూ పంచి కాస్త ఆలస్యంగా తిరిగి పలికించే ఎఫెక్ట్) ఒక వైపు నిలుచున్నవారికి సగమే వినిపిస్తుంది.

ఇక స్వరం సంగతి. ధ్వని పెరిగేకొద్దీ మన చెవి మంద్ర స్థాయిని ఎక్కువగా పట్టుకొంటుందని అమెరికా శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపారు. ఇంట్లో నిండుగా అనిపించిన ప్యాచ్ ఇక్కడ గుమ్మని మోగుతూ బేస్ గిటార్‌నూ డోలక్‌నూ కప్పేసింది. ప్యాచ్‌లను ఒక్కొక్కటిగా సవరించే తీరిక లేక, అన్ని ప్యాచ్‌లకూ ఒకేసారి వర్తించే గ్లోబల్ ఈక్వలైజర్‌లో 100 హెర్ట్జ్ కింద కోత పెట్టాను. గిటార్ ఆరో తీగ 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది కాబట్టి కొంత బరువు తగ్గినా, పాట మధ్యలో గిటార్ విడిగా తెలిసింది. ఇరువైపుల మేడల నుంచి ప్రతిధ్వని ఎలాగూ వస్తోంది గనుక రివర్బ్‌ను దాదాపు తీసేశాను.

గెయిన్ (మిక్సర్‌లోకి వచ్చే ధ్వని స్థాయి) సరిచూసేటప్పుడు అన్నిటికంటే గట్టిగా పలికే సోలో ప్యాచ్‌నే వాయించి వినిపించాను. గాయని మాత్రం తన మానిటర్‌లో (వేదిక మీద తాను వినే స్పీకరులో) గిటార్ వద్దన్నారు. పక్కనున్న ఆంప్ నుంచి వచ్చేదే తనకు సరిపోతుందట.