ఇరవయ్యా, అరవయ్యా? మిల్లు ఆఫీసులో స్పీకర్ ఫోన్ సంగతులు

మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు రాసేవాడు ఇంటర్‌కమ్ బాక్స్ (ఆఫీసు ఫోన్లన్నిటినీ తమలో తమకూ, బయటి లైన్‌కూ కలిపే పెట్టె) గురించి ఎందుకు రాస్తున్నాడు అనుకోకండి. చిన్న ఆఫీసుల్లో కంప్యూటర్, ప్రింటర్, ఫోన్ అన్నీ లెక్కలు రాసేవాడి నెత్తినే పడతాయి. అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్నా మా బిల్లు పుస్తకం మీద ఇప్పటికీ ఉన్నది 08689తో మొదలయ్యే పాత నంబరే, పాత బ్రోకర్లు దానికే చేస్తారు, సేటు ఆ కాల్ స్పీకర్‌లో పెట్టి ఇద్దరు ముగ్గురిని చుట్టూ కూర్చోబెట్టుకుని మాట్లాడతాడు.

అక్కడే మొదలవుతుంది లొల్లి. అటు బ్రోకరు రేటు చెప్తాడు, ఇటు ఒకరు ఇరవై అన్నాడంటారు, ఇంకొకరు కాదు అరవై అంటారు. క్వింటాలుకు 40 రూపాయల తేడా అంటే 250 క్వింటాళ్ల లారీ మీద 10,000 రూపాయలు, ఊరికే వదిలేసే మాట కాదు. చెవుల తప్పేమీ లేదు ఇందులో. మామూలు ఆఫీసు స్పీకర్ ఫోన్లు చాలావరకు హాఫ్ డూప్లెక్స్, అంటే కాటా మీద ఒకసారికి ఒక లారీయే ఎక్కినట్టు ఒకసారికి ఒకవైపు మాటే పోతుంది. ఎటు గొంతు పెద్దగా ఉంటే అటు తెరిచి రెండోవైపు అణిచేస్తుంది. అలా చేయకపోతే స్పీకర్‌లోంచి వచ్చిన మాట పక్కనే ఉన్న మైక్‌లో దూరి మళ్లీ లైన్‌లోకి పోయి కీచుమంటుంది. ఒకవైపు నుంచి ఇంకోవైపుకు మారేటప్పుడు రెప్పపాటు ఆలస్యం అవుతుంది, ఆ రెప్పపాటులో మాట మొదటి అక్షరం మింగేస్తుంది. ఇరవైలో ‘ఇ’, అరవైలో ‘అ’ పోతే మిగిలేది రెండింటికీ ‘రవై’యే కదా!

పైగా మాది మిల్లు. అటు బ్లోయర్ మోత, ఇటు నెత్తిమీద ఫ్యాను. ఆ మోతే మాట అనుకుని ఫోన్ మైక్‌ను తెరిచే ఉంచుతుంది, అవతలి గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంది. అప్పుడు మనం చేసే పని ఏంది? ఇంకా గట్టిగా అరుస్తాం. అరిచినకొద్దీ అవతలి మాట ఇంకా తెగుతుంది.

ఫోన్‌ను ఫ్యాను కింద నుంచి, గోడ మూల నుంచి జరిపి, కింద మందపాటి గుడ్డ వేసి, వాల్యూమ్ ఒక మెట్టు తగ్గిస్తే సగం బాధ పోయింది. మిగతా సగానికి మందు మాట్లాడే తీరులోనే ఉంది. రేటు చెప్పేముందు “ఆ సేటూ” అని ఒక మాట వేసి అప్పుడు అంకె చెప్పమన్నాం, మింగితే ఆ ‘ఆ’ను మింగుతుంది, అంకె నిలుస్తుంది. విన్నవాళ్లు “రెండు సున్నా” అని విడివిడిగా తిరిగి చెప్పాలి. రెండు వైపులా ఒకేసారి వినపడే ఫుల్ డూప్లెక్స్ కాన్ఫరెన్స్ ఫోన్లు దొరుకుతాయి, వాటిలో స్పీకర్ శబ్దాన్ని మైక్ శబ్దంలోంచి లెక్కగట్టి తీసేసే ఏర్పాటు ఉంటుంది. ధర చెప్తే సేటు నవ్వాడు.

ఇక ఆ బాక్స్ ప్రోగ్రామింగ్. డిస్‌ప్లే ఉన్న కీ ఫోన్ (బాక్స్‌తో పనిచేసే, ఎక్కువ బటన్లున్న ఫోన్) ఒకటి, మాన్యువల్ ఒకటి ఉంటే మనమే చేసుకోవచ్చు. కోడ్‌లు బాక్స్ బాక్స్‌కూ వేరు, అందుకని ఇక్కడ రాయను. ముందు ఏ ఎక్స్‌టెన్షన్ (లోపలి ఫోన్ నంబరు) ఎవరిది, ఎవరికి బయటి లైన్ ఇవ్వాలి, ఏ లైన్ ఎక్కడ మోగాలి అని కాగితం మీద రాసుకుని కూర్చుంటే పని అయిపోయినట్టే. పెట్టిపోయిన డీలరు పాస్‌వర్డ్ చెప్పడు, చెప్తే మనం మళ్లీ పిలవం కదా! గట్టిగా అడిగి తీసుకోండి, అది 1234 అయితే వెంటనే మార్చండి. బయటి నుంచి ఫోన్ చేసి మన లైన్ మీదుగా మళ్లీ బయటికి చేసుకునే సౌకర్యం కొన్ని బాక్సుల్లో ఉంటుంది, అక్కర లేకపోతే అది మూసేయాలి, లేకపోతే ఎవడో చేసిన ఐఎస్‌డీ (విదేశీ) కాల్‌కు బిల్లు మనకొస్తుంది.

చాలా ఆఫీసులను సతాయించింది మాత్రం సున్నా. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ మొబైల్‌కు చేయాలన్నా ముందు 0 కొట్టాలి. అంతకుముందు మన సర్కిల్ (టెలిఫోన్ వాళ్ల ప్రాంతం) మొబైల్‌కు అక్కర లేదు. పాత బాక్సుల్లో గుమస్తాలు సున్నాతో మొదలయ్యే ఎస్‌టీడీ (వేరే ఊరి) కాల్స్ చేయకుండా సున్నాకే తాళం వేసి ఉండేది. సున్నా లేకుండా కొడితే సున్నా కలపమని ఎక్స్ఛేంజ్ చెప్తుంది, కలిపి కొడితే మన బాక్సే ఒప్పుకోదు. మొబైల్ నంబర్లు మొదలయ్యే 06, 07, 08, 09 మాత్రం వదిలేద్దామంటే నల్లగొండ ఎస్‌టీడీ కోడ్ 08682, మహబూబ్‌నగర్ 08542, అవీ 08తోనే మొదలవుతాయి. అంకెల లెక్కతో విడదీద్దామన్నా కుదరదు, సున్నా తర్వాత రెండింటికీ పదే. నన్నడిగితే ఈ అపరిమిత కాల్స్ కాలంలో ఎస్‌టీడీ తాళం దండగ, తీసేసి ఐఎస్‌డీకి మాత్రం ఉంచితే చాలు. లైన్ తీసుకోవడానికి ఒక 0, మొబైల్ ముందు ఇంకో 0 కొట్టాల్సి వచ్చేసరికి మా కాటా గుమస్తాకు ఇది ఫారిన్‌కు పోతుందేమోనని ఒకటే టెన్షన్. పోదు. మొదటి సున్నా బాక్స్‌కే, లైన్‌లోకి పోయేది రెండోది ఒక్కటే. స్పీడ్ డయల్‌లో దాచిన నంబర్లన్నిటికీ కూడా ఆ సున్నా కలిపి మళ్లీ ఎక్కించుకోవాలి, దాన్ని మాత్రం అందరూ మరిచిపోతారు.

రాత్రి మోత సంగతి చిన్నదే. పగలు ఆఫీసులో, రాత్రి కాటా గదిలో మోగేలా నైట్ మోడ్ పెట్టుకోవచ్చు. టైం ప్రకారం దానంతట అదే మారేలా పెట్టమని చెప్తారు కానీ వడ్లు దిగే సీజన్‌లో ఆఫీసు ఎప్పుడు మూస్తామో మాకే తెలియదు, బటన్ నొక్కి మార్చుకోవడమే నయం.

చివరగా ఆటో ఆన్సర్. ఇది వేసి ఉంటే ఇంటర్‌కమ్‌లో పిలవగానే ఫోన్ ఒక బీప్ ఇచ్చి మైక్ తెరిచేస్తుంది, రిసీవర్ ఎత్తే పనే లేదు. చేతిలో పెన్ను, ముందు లెడ్జర్ ఉన్నవాడికి మస్తు సుఖం. కానీ గదిలో హమాలీ మేస్త్రీ కూలి రేటు గురించి నాతో మొరపెట్టుకుంటుంటే బీప్ ఎవరికి వినపడుతుంది, ఆ మాటలన్నీ సేటు గదిలో ఖంగుమని వినపడతాయి. సేటుకు ఇది అన్ని గదుల్లో వేసి ఉండాలి. నేను మాత్రం ఆఫీసులో అందరికీ ఆటో ఆన్సర్ వేసి ఉంటే వెలిగే లైటు ఎక్కడుందో చూపించి ఆర్పుకోమని చెప్పాను. పొద్దున ఎవరో వేస్తారు, మధ్యాహ్నానికి ఎవరో ఆర్పుతారు, ఎవరు అని ఎవరూ అడగరు.