డియర్ గుమ్మడి

మంగళవారం. పళ్లు తోముకుంటూ ఫోన్ చూసే అలవాటు మానుకోవాలని మళ్లీ అనుకున్నా. ఐర్లండ్‌లోని డబ్లిన్ నుంచి మెయిల్. "డియర్ గుమ్మడి" అని మొదలైంది. గుమ్మడి మా ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పడింది, ఆ తర్వాత ప్రతి కాగితంలోనూ అదే వరస. అక్కడ ఉద్యోగం ఆఫర్ వచ్చిన దగ్గర్నుంచీ కంపెనీ హెచ్ఆర్ ఆవిడ నన్ను ఇలాగే పిలుస్తోంది. చదివినప్పుడల్లా వెనక్కి తిరిగి నాన్న ఉన్నాడేమో చూడాలనిపిస్తుంది.

మెయిల్‌లో రెండే ప్రశ్నలు. నేను పంపిన సర్టిఫికెట్ మీద 'ప్రొవిజనల్' అని ఉంది, అంటే డిగ్రీ ఇంకా ఖాయం కాలేదా? నా పార్చ్‌మెంట్ ఎప్పుడొస్తుంది?

పార్చ్‌మెంట్ అంటే నాకు తెలిసింది అక్క కేక్ చేసేటప్పుడు ట్రేలో పరిచే కాగితమే. ఐర్లండ్‌లో, బ్రిటన్‌లో పట్టా కాగితాన్ని అలా అంటారట. ఒకప్పుడు తోలు మీద రాసేవాళ్లు, తోలు పోయి పేరు మిగిలింది. మనవాళ్లు ఓడీ అంటారు, ఒరిజినల్ డిగ్రీ. రిజల్ట్ వచ్చాక సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులూ కలిపిన మెమో), పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్) చేతికొస్తాయి. ఓడీ మాత్రం కాన్వొకేషన్‌లో, అంటే పట్టాలిచ్చే వేడుకలో ఇస్తారు, అదెప్పుడో దేవుడికెరుక. అర్హత వచ్చిన 180 రోజుల్లోపు డిగ్రీ ఇవ్వాలని యూనివర్సిటీల మీద ఉండే యూజీసీ 2008లోనే నిబంధన పెట్టింది. పెడితే పెట్టింది. పీసీ చేతిలో ఉంటే ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు. ఓడీ ఇప్పటికీ తెచ్చుకోని ఇంజినీర్లు మా చుట్టాల్లోనే ముగ్గురున్నారు.

మొదట ఒళ్లు మండింది. యూనివర్సిటీ ముద్ర, సంతకం, ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్ అన్న మాట, అన్నీ ఉన్న కాగితాన్ని పట్టుకుని ఖాయమా అని అడుగుతుందేంటి? టీ తాగాక కాస్త చల్లబడి, ఐర్లండ్‌లో 'ప్రొవిజనల్' అన్న మాటని దేనికి వాడతారో వెతికాను. 2007 దాకా అక్కడ డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లకి ఇచ్చిన కాగితం పేరు ప్రొవిజనల్ లైసెన్స్. అంటే ఆవిడ కంటికి నా బీటెక్‌కి ముందొకటి వెనకొకటి ఎల్ బోర్డు కట్టి ఉందన్నమాట. మనం 'అసలుది వచ్చేదాకా ఇది' అనే అర్థంలో రాసిన మాట, ఆవిడకి 'ఇంకా టెస్ట్ పాసవ్వాలి' అన్నట్టు వినిపించింది. నాలుగేళ్లలో ఈ మాటని నేనెన్నిసార్లు చదివానో, ఒక్కసారీ అర్థం ఆలోచించలేదు.

ఆవిడది చాదస్తం కూడా కాదు. నాకు పెట్టబోయేది క్రిటికల్ స్కిల్స్ పర్మిట్, ఐర్లండ్‌లో ఉద్యోగం చెయ్యడానికి ఇచ్చే ఒక రకం అనుమతి. రెండేళ్ల ఉద్యోగం ఆఫర్ ఉండాలి, దానికి తగ్గ డిగ్రీ ఉన్నట్టు చూపాలి. అర్జీ తిరిగొస్తే మాట పడేది ఆవిడే.

అమెరికాలో ఉన్న చిన్నాన్నకి ఫోన్ చేశా. ఆయనకిది పాత గాయం. గ్రీన్ కార్డు ఈబీ-2 కేటగిరీలో మాస్టర్స్ లేనివాళ్లకి బ్యాచిలర్స్ తర్వాత ఐదేళ్ల అనుభవం కావాలి. ఆ ఐదేళ్లు పీసీ తేదీ నుంచి లెక్కా, ఓడీ తేదీ నుంచి లెక్కా? ఆయన పీసీకీ ఓడీకీ మధ్య పదకొండు నెలలు. 2017 ఏప్రిల్‌లో అక్కడి ఇమిగ్రేషన్ అప్పీళ్ల ఆఫీసు ఒక కేసులో తేల్చింది: చదువు మొత్తం పూర్తయి, డిగ్రీకి యూనివర్సిటీ ఆమోదం కూడా పడి ఉంటే పీసీ తేదీ నుంచి లెక్కపెట్టొచ్చని, అయితే ఏ కేసుకా కేసు చూడాలని. "ఆ కాగితం ఆమె మొహాన కొట్టు, అమెరికానే ఒప్పుకుందని చెప్పు" అన్నాడు. ఐర్లండ్ ఆవిడకి అమెరికా తీర్పు పంపడమంటే పక్కింటి రేషన్ కార్డు చూపించి మన ఇంటికి బియ్యం అడగడమే. పంపలేదు.

పనికొచ్చే మాట లండన్‌లో ఎమ్మెస్సీ చేసిన హాస్టల్ ఫ్రెండ్ చెప్పింది. అక్కడ కూడా గ్రాడ్యుయేషన్ వేడుక నెలల తర్వాతే, పట్టా కూడా అప్పుడే. మధ్యలో ఎవరైనా అడిగితే యూనివర్సిటీ కంప్లీషన్ లెటర్ ఇస్తుంది. పేరు, కోర్సు, అన్నీ పూర్తిచేసిన తేదీ, పట్టా ఎప్పుడిస్తారో, నిజమా కాదా అని ఎవరికి మెయిల్ చేసి కనుక్కోవాలో. అంతే. వాళ్లకి తెలిసిన పేరుతో మన కాగితం ఉంటే సరిపోతుందంది.

డబ్లిన్‌లో తొమ్మిదయ్యేసరికి మనకి మధ్యాహ్నం ఒకటిన్నర. అలాంటి లెటరే ఒకటి తీసుకుని ఆలోపు పంపేద్దామని అమీర్‌పేటలో మెట్రో మారి, ఆటో పట్టుకుని మా యూనివర్సిటీ ఎగ్జామ్ బ్రాంచ్‌కి చేరేసరికి పదకొండు. కౌంటర్ దగ్గర మేడమ్, "పీసీ ఇచ్చినం గదమ్మా, మళ్లా లెటరెందుకు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మెయిల్ చూపించా. "డియర్ గుమ్మడి" దగ్గరే ఆగి నవ్వారు. తర్వాత సీరియస్‌గా, "దీనికి ఫార్మాట్ లేదు. నువ్వే రాసుకొస్తే సార్‌కి పెడ్త" అన్నారు.

గేటు బయట జిరాక్స్ షాపులో పేజీ టైపింగ్ 30 రూపాయలు. అన్న టైప్ చేసి, పీసీ కూడా నా చేతిలో చూసి, "లామినేషన్ చెయ్యాల్నా?" అన్నాడు. వద్దన్నా, వద్దన్నా అని కాగితం వెనక్కి లాక్కున్నా. అటెస్టేషన్ ముద్ర కాగితం వెనకే వేస్తారు, ప్లాస్టిక్ మీద కాదు. నాన్న ప్రేమగా లామినేషన్ చేయించిన నా టెన్త్ మెమో కథ వేరే రోజు రాస్తా, ఇవాళ ఓపిక లేదు.

మేడమ్ నా లెటర్ చదివి ఒక్క మాట ఎర్ర పెన్నుతో కొట్టేశారు. డిగ్రీ 'అవార్డెడ్' అని రాశాను. "కాన్వొకేషన్ కాకుండ అవార్డెడ్ అని ఎట్ల రాస్తం? అన్ని పూర్తిచేసింది, డిగ్రీకి అర్హురాలు అని రాయి." గొంతు దాకా కోపం వచ్చింది. ఒక్క మాట కోసం మళ్లీ 30 రూపాయలు, మళ్లీ ఎండలో నడక. షాపు దాకా వెళ్లేలోపు కోపం దిగిపోయింది. ఆవిడ చెప్పిందే నిజం. నేను రాసిందే కొంచెం అబద్ధం, అదీ తొందరలో.

సార్ మీటింగ్. తర్వాత లంచ్. సంతకం అయ్యేసరికి మూడున్నర. ముద్ర వేస్తూ మేడమ్ సెక్షన్ మెయిల్ ఐడీ కింద రాసిచ్చారు, "చూస్తం, కాని రోజు చూడం" అని ఉన్నమాట చెప్పారు. మెట్ల మీదే కూర్చుని ఫోన్‌తో స్కాన్ చేసి పంపించా. కింద నాలుగు లైన్లు: ఇక్కడ ప్రొవిజనల్ అంటే షరతు మీద ఇచ్చింది కాదు, పార్చ్‌మెంట్‌కి ముందు వచ్చే పత్రం అని. నా పేరు సంగతి కూడా రాద్దామనుకుని, ఒక మెయిల్‌కి ఒక గొడవ చాల్లే అని ఆగిపోయా.

రాత్రి తొమ్మిదికి జవాబొచ్చింది. లెటర్ స్పష్టంగా ఉంది, పర్మిట్ అర్జీ మొదలుపెడుతున్నాం, పార్చ్‌మెంట్ వచ్చాక కాపీ పంపితే చాలు. "థాంక్యూ, గుమ్మడి."

"నాకెందుకు థాంక్సూ" అన్నాడు నాన్న, భుజం మీంచి చూసి. అమ్మ మాత్రం, "ఇంతకీ నువ్వు పాసయినట్టేనా?" అని ఇంకోసారి అడిగింది. నాన్న పీసీని లైటు కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. కాగితం బాగుంది, రేపు పొద్దున్నే లామినేషన్ చేయిద్దామన్నాడు.

పీసీ బీరువాలో పెట్టా. తాళంచెవి నా దిండు కింద ఉంది.