మోత ఆగాక చెవిలో జరిగేది

"ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) నార్మల్. మీకేం లేదు, ఊరికే భయపడుతున్నారు." చెవిలో హోరుతో ఎదురుగా కూర్చున్న మనిషితో ఒక డాక్టరు అనాల్సిన మాట కాదిది. ఇప్పుడు భయం తగ్గింది కాబట్టి, అది ఎందుకు తప్పో నిదానంగా చెప్పగలను.

పెద్ద స్పీకర్ల పక్కన గంటల తరబడి పనిచేసి వచ్చిన రాత్రి రెండు చెవుల్లోనూ దూది కుక్కినట్టుంది. లైటు ఆర్పగానే సన్నటి ఈల మొదలైంది, తెల్లవార్లూ ఆగలేదు. గుమ్మంలో నిలబడి చెల్లెలు "సరే, పడుకో అన్నయ్యా" అంటే నాకు "అరే, పడుకో" అని వినిపించింది. 'స' లాంటి అక్షరాల బలమంతా పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. మోత మొదట దెబ్బతీసేది కూడా 3 నుంచి 6 కిలోహెర్ట్జ్ మధ్యనే. ఇదంతా తెలిసి ఉండటం వల్ల ఆ రాత్రి ధైర్యం రాలేదు సరికదా, ఒళ్లు ఇంకా వణికింది.

ఎందుకంటే శబ్దం ఆగినంత మాత్రాన లోపల నష్టం ఆగదు. లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే కాక్లియాలో, శబ్దాన్ని పట్టి నరానికి అందించే రోమకణాలు మోతకు తట్టుకోవడానికి మితిమీరి పనిచేస్తాయి. వాటికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో సూపర్‌ఆక్సైడ్ లాంటి ఫ్రీ రాడికల్స్ (కణాన్ని దెబ్బతీసే చురుకైన అణువులు) పుట్టుకొస్తాయి, వాటిని అణచాల్సిన గ్లుటాథియోన్ తరిగిపోతుంది. రాడికల్స్ కణపొరల్లోని కొవ్వును ఆక్సీకరిస్తే ఐసోప్రోస్టేన్‌లు తయారవుతాయి. అవి సన్న రక్తనాళాలను బిగిస్తాయి. రక్తం తగ్గుతుంది, మళ్లీ పుంజుకునేటప్పుడు ఇంకొన్ని రాడికల్స్ పుడతాయి. మరోపక్క కాల్షియం కణంలోకి పొంగి కాల్పెయిన్, కాస్పేస్ ఎంజైములను లేపుతుంది. ఇక కణం తనను తాను చంపుకుంటుంది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో ఈ ఆక్సీకరణ గుర్తులు మోత ఆగాక వారం, పది రోజుల దాకా పెరుగుతూనే కనిపించాయి. చచ్చిన రోమకణం మనుషుల్లో మళ్లీ పుట్టదు.

మర్నాడు పొద్దున్నే చూసి, ఆలస్యం చేయకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టిన ఈఎన్‌టీ డాక్టరమ్మకు రుణపడి ఉన్నాను. మందులు, పరీక్షలు అందరికీ జరిగేవే. ఈల మెల్లగా సన్నగిల్లింది, ఆడియోగ్రామ్ కూడా మామూలు స్థాయికి వచ్చింది. కానీ నలుగురు కలిసి మాట్లాడుకుంటుంటే మాత్రం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. వేరే డాక్టరు దగ్గర పైమాట విన్నది అప్పుడే.

రోమకణం బతికినా దాని నరం తెగిపోవచ్చు. పెద్ద మోతకు లోపలి రోమకణాలు నరానికి కబురందించే గ్లుటమేట్ అనే రసాయనాన్ని కుమ్మరిస్తాయి. దాన్ని అందుకునే నరాల కొసలు ఉబ్బి, కణం నుంచి విడిపోతాయి. 2009లో కుజావా, లిబర్‌మన్ అనే పరిశోధకులు ఎలుకల్లో చూపించింది ఇదే: వినికిడి స్థాయి పూర్తిగా కోలుకున్నా, పై ఫ్రీక్వెన్సీల చోట రోమకణానికీ నరానికీ మధ్య ఉండే సంధులు (సినాప్స్‌లు) దాదాపు సగం పోయాయి. నిశ్శబ్దమైన గదిలో బీప్‌లు వినడానికి మిగిలిన నరాలు చాలు, గోలలో మాట విడదీయడానికి చాలవు. బతికున్న మనిషిలో ఆ సంధులను నేరుగా లెక్కపెట్టే పరీక్ష లేదు. లేదు కాబట్టి జబ్బే లేదనడం మాత్రం అన్యాయం. గోల మధ్య మాట వినిపించి పరీక్షించిన ఆడియాలజిస్టు ఒక్కరే నా మాట నమ్మారు. దేవుడే పంపాడనుకున్నాను.

మీకూ ఇలా జరిగితే వారం పది రోజులు చెవికి పూర్తి విశ్రాంతి ఇవ్వండి, ఇయర్‌ఫోన్ల జోలికి పోకండి. ఎంత త్వరగా డాక్టరును కలిస్తే అంత మంచిది. జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వబోతే చెవి సంగతి ముందే చెప్పండి, అదీ ఈ కణాల మీదే పడుతుంది. రాడికల్స్‌ను అణచే మందుగా చెప్పే ఎన్-అసిటైల్‌సిస్టీన్ మాత్రలను నమ్ముకుని మోతలోకి వెళ్లకండి. మనుషుల్లో ఫలితాలు ఒక్క తీరుగా రాలేదు.

85 డెసిబెల్స్‌కు 8 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది, 100 దగ్గర 15 నిమిషాలే. చెవిలో పెట్టుకునే ఫోమ్ ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా పోనిచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి తోయండి. ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టండి. సగానికి పైగా బయటే ఉంటే అది కూర్చోనట్టే, తీసి మళ్లీ పెట్టండి.