పాస్‌వర్డ్ సరైనదే, లోపల చోటే లేదు

తొలేళ్లకు, అంటే సిరిమానుకు ముందునాటి సంబరానికి, ఒకరోజు ముందు, ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక విజయనగరం నుంచి బావ ఫోన్ చేశాడు. గంటస్తంభం దగ్గర ఆయనకు చిన్న డీటీపీ షాపుంది. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం కాబట్టి ఆ వారమంతా ఫ్లెక్సీల పనితో ఊపిరాడదు. "ఒరే, కంప్యూటర్ లోపలికి రానివ్వట్లేదురా. పాస్‌వర్డ్ కొడితే తెర నల్లగా అయిపోతాది, మళ్లీ అదే అడుగుతాది. ఏటి చెయ్యాలి?" పక్కనున్న ఎవరో చూసి సిస్టమ్ పోయింది, ఫార్మాట్ కొట్టేద్దాం అన్నారట. అందులో ఆరేళ్ల డిజైన్లున్నాయి. ఆ కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసింది నేనే, ఫార్మాట్ అనే మాట వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది.

నేనుండేది శ్రీకాకుళంలో, ఆ రాత్రప్పుడు బస్సెక్కే వీలు లేదు. వాట్సాప్ వీడియో పెట్టమన్నాను. ముందు అడిగింది ఒక్కటే: పాస్‌వర్డ్ తప్పు అని తెర మీద రాస్తోందా, లేదా? లేదన్నాడు. ఈ తేడా కనిపెడితే సగం పని అయిపోయినట్టే, కానీ కంగారులో ఎవరూ దీన్ని చూడరు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. లాగిన్ అంటే రెండు పనులు. పాస్‌వర్డ్ సరిచూడటం ఒకటి, ఆ తర్వాత మన పేరు మీద డెస్క్‌టాప్ తెరవడం ఇంకొకటి. మొదటిది తప్పితే తప్పని చెబుతుంది. ఏమీ అనకుండా నల్లగా అయి మళ్లీ మొదటికి వచ్చిందంటే పాస్‌వర్డ్ ఒప్పుకుంది, డెస్క్‌టాపే తెరుచుకోలేక కూలిపోయింది. గుమ్మంలో ఎవరూ ఆపలేదు గానీ పంక్తిలో ఆకు వేయడానికి చోటు లేనట్టు.

అప్పుడు కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కమన్నాను. బొమ్మలేవీ లేని నల్ల తెర వచ్చి యూజర్ పేరు అడిగింది. ఇక్కడ పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా పడవు, కీబోర్డు పనిచేయట్లేదని బావ రెండుసార్లు ఆగిపోయాడు. కనబడకపోయినా కొట్టి ఎంటర్ నొక్కు బావా అంటే నొక్కాడు, లోపలికి వెళ్లిపోయాడు. అంటే పాస్‌వర్డ్ మీద ఇక అనుమానం లేదు.

తర్వాత డీఎఫ్, స్పేస్, మైనస్ హెచ్. ఏ డిస్కులో ఎంత ఖాళీ ఉందో చూపించే కమాండ్ ఇది. ఫోన్ దగ్గరగా పెట్టి చూపించాడు. 120 జీబీ ఎస్ఎస్‌డీ, వాడకం 100 శాతం, ఖాళీ సున్నా. డెస్క్‌టాప్ తెరుచుకునేటప్పుడు మన హోమ్ ఫోల్డర్‌లో ఎక్స్‌అథారిటీ లాంటి చిన్న ఫైళ్లు రాసుకోవాలి. ఆ నాలుగు అక్షరాలు రాయడానికి కూడా చోటు లేకపోతే వెనక్కి నెట్టేస్తుంది.

సుడో ఆప్ట్ క్లీన్ కొట్టించాను, పాత అప్‌డేట్ల ప్యాకేజీలు పోయాయి, లెక్క ప్రకారం రెండు జీబీ ఖాళీ కావాలి. మళ్లీ డీఎఫ్ చూస్తే అదే సున్నా. బావ గొంతు పడిపోయింది. నాకూ ఒక నిమిషం తోచలేదు, తర్వాత గుర్తొచ్చింది. ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ పద్ధతిలో మామూలుగా డిస్కులో 5 శాతం రూట్ కోసం, అంటే సిస్టమ్ మీద సర్వాధికారాలున్న ఖాతా కోసం, పక్కన పెట్టి ఉంచుతారు, మామూలు యూజర్ దాన్ని తాకలేడు. ఈ డిస్కుకి అది ఐదారు జీబీ. అప్‌డేట్లు, లాగ్‌లు రూట్ పేరు మీదే నడుస్తాయి కాబట్టి ఆ వాటాలోంచి కూడా తినేశాయి. మనం ఖాళీ చేసిన రెండు జీబీ ముందు ఆ లోటు పూడ్చడానికే పోయింది. మీకు ఎప్పుడైనా ఫైళ్లు తీసేసినా ఖాళీ పెరగకపోతే నిరాశ పడకండి, ఇంకా తీయాలి అంతే.

ఏ ఫోల్డర్ ఎంత చోటు తింటోందో చెప్పే డీయూ కమాండ్‌తో హోమ్ ఫోల్డర్ వెతికితే అసలు సంగతి బయటపడింది. ట్రాష్‌లో 43 జీబీ. ఫ్లెక్సీ టిఫ్ ఫైలు ఒక్కొక్కటి జీబీ దాకా ఉంటుంది. బావ పని అయ్యాక వాటిని డిలీట్ కొడుతూనే ఉన్నాడు, అవి చక్కగా ట్రాష్‌లోకి వెళ్లి కూర్చున్నాయి. పోయాయనుకున్నాడు.

తీసేద్దామంటే ఇంకో చిక్కు. పేర్లన్నీ తెలుగులో పెట్టుకున్నాడు, ఆ నల్ల తెర తెలుగు చూపించలేదు. పేరు ఉండాల్సిన చోట వరసగా డబ్బాలు, చివర డాట్ టిఫ్ మాత్రం ఇంగ్లీషులో. ఏది ఏ ఊరి ఫ్లెక్సీయో తెలియదు. ట్రాష్ ఫోల్డర్‌లోకి వెళ్లాక, ముందు ఫైళ్ల పేర్లు చూపించే ఎల్ఎస్, స్పేస్, స్టార్ డాట్ టిఫ్ కొట్టించి, వచ్చిన వరస అంతా ఇద్దరం చూశాక, అదే లైనులో ఎల్ఎస్ తీసి, ఫైళ్లు తీసేసే ఆర్ఎం పెట్టమన్నాను. స్టార్‌కీ డాట్‌కీ మధ్య స్పేస్ పడకూడదని మూడుసార్లు చెప్పాను, పడితే ఒట్టి స్టార్ ఆ ఫోల్డర్‌లో ఫైళ్లన్నిటినీ ఊడ్చేస్తుంది. ఎంటర్ నొక్కే ముందు ఆయన వేలు కీ మీద అలాగే ఆగి ఉంది, నేను వీడియోలో లైను ఇంకోసారి చదివి ఊఁ అన్నాకే నొక్కాడు.

రీబూట్ చేశాడు. పాస్‌వర్డ్ కొట్టాడు. తెర నల్లబడింది, ఈసారి వెనక్కి రాలేదు, అమ్మవారి బొమ్మ పెట్టుకున్న వాల్‌పేపర్ వచ్చింది. "వచ్చేసిందిరా" అని బావ అరిచిన అరుపుకి మా అక్క లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది.

మీ దగ్గర చోటు ఉండి కూడా ఇలాగే తిరిగొస్తుంటే, హోమ్‌లో ఎల్ఎస్ మైనస్ ఎల్ఏ కొట్టి ఎక్స్‌అథారిటీ ఫైలు ఎవరి పేరు మీద ఉందో చూడండి. రూట్ అని ఉంటే సుడోతో, అంటే రూట్ అధికారంతో, దాని పేరు మార్చి మళ్లీ లాగిన్ అవ్వండి, కొత్తది తనే రాసుకుంటుంది. సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్ అప్‌డేట్ అయిన మర్నాడే మొదలైతే, అందులోనూ ఎన్విడియా కార్డుంటే, డ్రైవర్‌ని అనుమానించాలి. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుంటే తెలిసిపోతుంది. నిజంగానే పాస్‌వర్డ్ తప్పు అంటుంటే మాత్రం లాగిన్ తెర మీద కీబోర్డు తెలుగులో ఉందేమో చూడండి, మనలాంటి వాళ్లకి ఇది చాలాసార్లు జరుగుతుంది, కనిపించేవి చుక్కలే కాబట్టి ఏ భాషలో పడుతోందో తెలియదు.

బావ ఇప్పుడు ప్రతి శనివారం షాపు మూసే ముందు ట్రాష్ ఖాళీ చేస్తున్నాడు. డిజైన్ల కోసం వేరే డిస్కు కొనమన్నాను, సంక్రాంతికి వెళ్లినప్పుడు నేనే బిగిస్తాను.